ఇంకా ఎత్తమాకండి

శ్రావణ శుద్ధ విదియ

పొద్దున్నే మళ్ళీ బుట్టెడు సెట్లు వచ్చిపడ్డాయి. అన్నిటిదీ ఒకటే జబ్బు, ఉప్పు. గట్టు మీద బతికే మనుషులకి ఉప్పు గాలి ఎలాగో అలవాటైంది గానీ ఈ పాత వైర్‌లెస్ సెట్లకి కాలేదు. మూతలు విప్పి, మంచినీళ్ళలో తడిపిన గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టడంతోనే నా ఉదయాలన్నీ అయిపోతున్నాయి.

కొత్తగట్టు రక్షణ దళానికి నేను వైర్‌లెస్ అధికారిని. పేరు సంపూర్ణ. పడవల వాళ్ళు, లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించేవాళ్ళు, అంబులెన్స్ నర్సులు, మంటలార్పేవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే ఈ సెట్లే దిక్కు. పోటు వచ్చినప్పుడు గట్టుకి అవతల సముద్రం మా ఇళ్ళ పైకప్పులకంటే ఎత్తున నిలబడుతుంది. ఆ సమయంలో ఒక్క మాట చేరకపోతే ఒక వీధి మునుగుతుంది. ఇక్కడ అందరం తిథులే రాసుకుంటాం. పోటూ పాటూ తిథిని బట్టి వస్తాయి గనక తారీఖులు ఎవరికీ గుర్తుండవు.

బుట్ట మోసుకొచ్చింది నాంచారయ్య గారు. పెద్దలాకు పడవకి సరంగు, దాన్ని నడిపేది ఆయనే. ఆయన వెనకాలే కెజియా వచ్చింది. నీళ్ళలోకి దిగి లాకుల అడుగున చిక్కుకున్న చెత్తా చెట్లూ తీసే పిల్ల. నిండా పాతికేళ్ళు లేవు. తడి జుట్టు పిండుకుంటూ నా బల్ల మీదకి వంగింది.

"మేడం, ఇయ్యి పనికిరావు. నిన్న నేను పైకి వత్తన్నానంటే ఈయనకి కప్పలు అరిచినట్టు ఇనపడిందంట."

"కప్పలే నయం" అన్నారు నాంచారయ్య గారు. "కొత్తయి ఎప్పుడిత్తారమ్మా?"

"కమిటీ వేశారు. ఈ నెలలోనే పరీక్షించి ఎంపిక చేస్తాం."

కెజియా నన్ను ఎగాదిగా చూసింది. "మీరు మెట్టోళ్ళా మేడం? మాట అట్టా ఉంటది."

అవునన్నాను.

అబద్ధం. నేను పుట్టింది ఈతలంకలో. లంక మునిగిపోయాక నన్ను మెట్ట మీది హాస్టల్లో చేర్చారు. అక్కడ నోరు తెరిస్తే నవ్వేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి వాళ్ళలాగే మాట్లాడటం నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఎవరడిగినా మెట్టదాన్ననే చెబుతున్నాను. ఈ పిల్లకి నిజం చెబితే పోయేదేముంది? అలవాటు మీద నోరు తిరిగిపోయింది.

శ్రావణ శుద్ధ ఏకాదశి

ఈ రోజు పరీక్ష జరిగింది. కమిషనర్ ఇందుమతి గారు, మెట్ట నుంచి వచ్చిన ఇద్దరు సభ్యులు, నేను గట్టు మీది పర్యవేక్షణ గదిలో కూర్చున్నాం. నాంచారయ్య గారిని పడవలో గట్టుకి అవతల, అలల్లోకి పంపాం. ఆయన దగ్గర రెండు రకాల సెట్లూ ఉన్నాయి.

మొదటిది సన్నదారి సెట్టు. గాలిలో కాస్తంత చోటు చాలు దానికి. బ్యాటరీ చాలాసేపు వస్తుంది. కాకపోతే గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. దూరం పెరిగితే మాట తెగుతుంది. నాంచారయ్య గారు ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. చివరికి వినబడింది. "ఈ పక్కకి రామాకండి, అల పెద్దగా ఉంది."

మెట్ట సభ్యుల్లో పెద్దాయన కళ్ళజోడు తీసి నవ్వాడు. "రామాకండి ఏమిటమ్మా? రాముడి కండలా?"

గదంతా నవ్వింది. నేను కూడా నవ్వాను.

రెండోది తేట సెట్టు. కంపెనీ తరఫున పృథ్వీ అనే ఇంజనీరు వచ్చాడు. నెమ్మదస్తుడు, అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటాడు. ఈ సెట్టు తెగిన మాటని తెగినట్టు వినిపించదట. మనిషి గొంతుని ముందే నేర్చుకుని ఉంటుంది. గాలిలో అందిన ముక్కల్ని పట్టుకుని, అందని ముక్కల్ని తనే పూరించి, నిండు వాక్యంగా వినిపిస్తుంది. గాలి హోరు, ఇంజను మోత తీసి పారేస్తుంది.

నాంచారయ్య గారు అలల్లోంచి మళ్ళీ మాట్లాడారు. పక్క గదిలో నిలబడి మాట్లాడినట్టు వినబడింది. "ఈ పక్కకి రండి, అల పెద్దగా ఉంది."

కమిషనర్ గారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నా చెవికి మాత్రం ఒక మాట వేరుగా తగిలింది. అల పెద్దగా ఉంటే రమ్మనడం ఏమిటి? పొరబాటున విన్నానేమో అనుకున్నాను. ఆయన తిరిగొచ్చాక "మీరు ఏమన్నారు?" అని ఒక్క ముక్క అడిగితే తేలిపోయేది. అడగలేదు.

సరంగులకీ నర్సులకీ తేట సెట్టు వినిపించాం. అందరూ అదే కావాలన్నారు. నాంచారయ్య గారు తన గొంతు విని మురిసిపోయారు. "నా గొంతు ఇంత బాగుంటదని నాకే తెలవదమ్మా!"

తేట సెట్టునే ఎంపిక చేశాం. సాంకేతిక సిఫారసు మీద సంతకం నాది.

భాద్రపద శుద్ధ పంచమి

నా ఉదయాలు ఖాళీ అయ్యాయి. తుడిచేందుకు సెట్లు రావడం లేదు. కొత్తవాటి మూతల్లోకి ఉప్పు దూరదు. పర్యవేక్షణ గదిలో ఇదివరకు రోజంతా అరుపులే. ఇప్పుడు నర్సులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. పాత సెట్ల కాలంలో ఒక నియమం ఉండేది. ఆజ్ఞ విన్నవాడు ఆ ఆజ్ఞని తిరిగి పలికితే గాని పని మొదలుపెట్టకూడదు. ఇంత స్పష్టంగా వినబడుతుంటే అదెందుకని కమిషనర్ గారు అడిగారు. నిజమే అనిపించింది. ఆ నియమం తీసేస్తూ ఉత్తర్వు నేనే రాశాను.

మధ్యాహ్నం నాంచారయ్య గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఏదో మొహమాటపడుతున్నట్టు చేతిలో టోపీ తిప్పుతున్నారు.

"అమ్మా, నేనొకటంటే అవతలోళ్ళకి ఇంకోటి ఇనపడతందేమో. నిన్న మందుల పెట్టె తేమాకండి అన్నా. ఆ నర్సమ్మ పాపం వానలో తడుసుకుంటా తెచ్చింది. తెమ్మన్నారుగా అంటది."

నాకు ఎంపిక రోజు గుర్తొచ్చింది. గుర్తొచ్చి కూడా ఏమన్నానో ఇక్కడ రాసుకోవాలి.

"మీ యాస సెట్టుకి అందడం లేదేమో నాంచారయ్య గారూ. కొంచెం పుస్తకంలో రాసినట్టు మాట్లాడండి. తేవద్దు, రావద్దు అని విడమరిచి చెప్పండి."

ఆయన టోపీ తిప్పడం ఆపారు. "నోట్లోకి అదే వచ్చేత్తదమ్మా, చిన్నప్పటి నుంచీ. సర్లే, మార్చుకుంటా."

అరవైకి దగ్గరపడ్డ మనిషికి మాట మార్చుకోమని చెప్పి పంపాను. సెట్టు మార్చమని పృథ్వీకి కబురు పెట్టలేదు. ఎంపిక అయి నెలైనా కాకుండా నా సిఫారసులో తప్పుందని నేనే చెప్పడానికి నామోషీగా అనిపించింది.

భాద్రపద అమావాస్య

కెజియా చనిపోయింది.

వరసగా రాస్తాను.

ఎగువ నుంచి వరద వస్తోంది. అవతల అమావాస్య పోటు. పాటు మొదలై సముద్రం దిగగానే పెద్దలాకు తలుపు ఎత్తి ఊళ్ళో చేరిన నీళ్ళని బయటికి వదలాలి. ఈలోగా ఒక తాటిమాను కొట్టుకొచ్చి తలుపుకి అడ్డం పడింది. నాంచారయ్య గారి పడవలోంచి కెజియా దిగి మానుకి తాడు కట్టి పైకొచ్చింది. పడవతో లాగితే ముడి జారింది. ఆమె మళ్ళీ దిగింది. రెండోసారి దిగిన సంగతి లాకు గదిలో తలుపు ఎత్తి దించే ఖాజావలి గారికి తెలియదు. వాన గోడలా కురుస్తోంది. ఆయనకి పడవ కనబడదు. సెట్టులో వచ్చే మాటే ఆధారం.

నేను పర్యవేక్షణ గదిలో అదే ఛానెల్ వింటున్నాను.

ఖాజావలి గారు అడిగారు. "పాటు మొదలైంది నాంచారయ్య గారూ, తలుపు ఎత్తమంటారా?"

జవాబు వచ్చింది. నాంచారయ్య గారి గొంతే. వాన చప్పుడు లేదు, ఇంజను మోత లేదు. "ఇంక ఎత్తండి."

మాట్లాడే బటన్ మీద వేలు పెట్టాను. నొక్కలేదు. అంత స్పష్టంగా ఉన్న మాటని మళ్ళీ చెప్పమని ఏమని అడగను? గదిలో అందరూ ఉన్నారు. పిచ్చిదానిలా కనబడతానని వెనక్కి తీశాను.

తలుపు మోటారు మొదలైన శబ్దం ఇక్కడికే వినబడింది. తర్వాత నాంచారయ్య గారు "దించండి, దించండి, పిల్ల లోపల ఉంది" అన్నారు. అది కూడా నెమ్మదిగానే వినబడింది. ఆయన ఎంత గట్టిగా అరిచి ఉంటారో! ఆ అరుపులోని అరుపుని సెట్టు తీసేసింది. ఖాజావలి గారు వెంటనే దించారు. అప్పటికే నీటి లాగుడు ఆమెని తలుపు కిందకి తీసుకుపోయింది.

సముద్రం బాగా దిగాక అవతలి ఒడ్డున దొరికింది. నాంచారయ్య గారే ఎత్తుకొచ్చారు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

ఆశ్వయుజ శుద్ధ తదియ

విచారణ జరిగింది. కమిషనర్ గారు అధ్యక్షత వహించారు. ఖాజావలి గారు నిలబడలేక కూర్చునే చెప్పారు. "ఎత్తమన్నారు, ఎత్తాను. అల్లా మీద ఒట్టు, ఇంక ఎత్తండి అనే విన్నాను."

"నేనట్టా అన్లేదు" అన్నారు నాంచారయ్య గారు. "ఇంకా ఎత్తమాకండి అన్నా. పిల్ల నీళ్ళలో ఉంటే ఎత్తమని ఎట్టా అంటానమ్మా?"

రికార్డు వినిపించారు. ఇంక ఎత్తండి. ఆయన గొంతే, ఆయన పలుకే.

ఆయన అటూ ఇటూ చూశారు. "ఇంకోసారి పెట్టండి." పెట్టారు. ఆయన ముఖం నేను చూశాను. ఎవరో ఆయన ఇంట్లోంచి ఆయన్నే బయటికి నెట్టినట్టుంది. మూడోసారి విన్నాక టోపీ మోకాలి మీద పెట్టుకున్నారు.

"నా గొంతే. ఆ కంగారులో అన్నానేమో. అనే ఉంటా."

అప్పుడు కమిషనర్ గారు నా వైపు తిరిగారు. "సంపూర్ణా, సెట్టు పొరపడే అవకాశం ఏమైనా ఉందా?"

నేను లేచి నిలబడ్డాను. "పరీక్షల్లో అలాంటిదేమీ మా దృష్టికి రాలేదు మేడం" అన్నాను.

ఆ వాక్యం ముందుగా తయారుచేసుకోలేదు. దానంతటదే, మెట్ట భాషలో, తప్పులేకుండా వచ్చింది.

నాంచారయ్య గారిని పడవ నుంచి తప్పించారు.

బయట వరండాలో పృథ్వీ నా కోసం నిలబడి ఉన్నాడు. "మేడం, సెట్టు గాలిలో వచ్చినదాన్ని భద్రపరచదు. తాను తయారుచేసి వినిపించినదే దాచి ఉంచుతుంది. రికార్డులో ఉన్నది ఆయన మాట కానక్కర్లేదు."

"లోపల చెప్పలేకపోయావా?"

"నన్నెవరూ అడగలేదు. మీరు లిఖితపూర్వకంగా అడిగితే చెబుతాను. నాకై నేను చెబితే మా కంపెనీ వాళ్ళు ఊరుకోరు. అయినా అడగాల్సింది మీరే కదా?"

అతన్ని కోప్పడే హక్కు నాకు లేదు. సరే చూద్దాం అని వచ్చేశాను. సరే చూద్దాం అన్నాను!

ఆశ్వయుజ శుద్ధ అష్టమి

ఇన్ని రోజులూ ఏమీ రాయలేదు. ఆఫీసుకి వెళ్ళాను, వచ్చాను, అన్నం తిన్నాను. పృథ్వీకి రాయాల్సిన ఉత్తరం మొదలుపెట్టి ఆపేశాను. ఎంపిక రోజున నేను విన్నది రాయకుండా ఆ ఉత్తరం రాయడం కుదరదు.

ఈ రోజు ఖాజావలి గారు వచ్చి తన సెట్టు నా బల్ల మీద పెట్టారు. "నాకొద్దమ్మా ఇది. తలుపు దగ్గర పని కూడా నాకొద్దు."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నాంచారయ్య నిన్న దీవెనమ్మ ఇంటికెళ్ళాడు" అన్నారు. దీవెనమ్మ కెజియా తల్లి. "నా నోటితోనే నీ బిడ్డని చంపానని ఆమె కాళ్ళ మీద పడ్డాడు. ఇద్దరం ముప్పై ఏళ్ళు కలిసి పనిచేశాం. అలా ఏడవడం ఎప్పుడూ చూళ్ళేదు. ఆయనన్నది నేను విన్నాను గనక ఆయనదే తప్పని జనం నన్ను వదిలేశారు. నాకది ఇంకా అధ్వాన్నంగా ఉంది."

ఆయన వెళ్ళాక తలుపు వేసుకుని కూర్చున్నాను.

ఎంపిక రోజున నేను పొరబాటున వినలేదు. సరిగ్గానే విన్నాను. రామాకండి రండి అయిందని ఆ గదిలో తెలుసుకోగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఎందుకంటే అది మా అమ్మ మాట. పొయ్యి దగ్గరికి రామాకు, చీకట్లో పోమాకు అని చెప్పి పెంచిన మాట. చెప్పడానికి నోరు తెరిస్తే "మీకెలా తెలుసు?" అని అడుగుతారు. రాముడి కండలా అని నవ్వినాయన ముందు, నాతోపాటు నవ్వినవాళ్ళ ముందు, నేను లంకదాన్నని చెప్పుకోవాలి. అందుకు సిగ్గుపడ్డాను. అంతకు మించి కారణమేమీ లేదు. అంత చిన్న సిగ్గు.

ఇప్పుడు సిగ్గుపడటానికి నిజమైన కారణం ఉంది. ఈ సిగ్గుని ఎవరి ముందు పెట్టుకోవాలో కూడా తెలుసు.

ఆశ్వయుజ శుద్ధ నవమి

పొద్దున్నే ఖాజావలి గారి ఇంటికి వెళ్ళాను. లాకు గదిలో ఒక గంట కూర్చోమని బతిమాలాను. ఎందుకో చెప్పాను. మొత్తం చెప్పాను. ఆయన చొక్కా తొడుక్కుని నాతో వచ్చారు.

ఆయన గదిలో, తలుపు మోటారు కరెంటు తీసేసి, సెట్టు పట్టుకుని కూర్చున్నారు. నేను పడవలో ఆ రోజు వాళ్ళున్న చోటికే వెళ్ళాను. ఇంజను ఆపొద్దన్నాను. గట్టు గోడ అక్కడ మలుపు తిరుగుతుంది. సంకేతం సగం సగంగా అందే చోటది. నా గొంతు నేర్చుకోమని సెట్టుకి అంతకుముందే అప్పజెప్పాను.

బటన్ నొక్కాను. ఎన్నో ఏళ్ళుగా ఆ మాట నా నోట రాలేదు. పడవ నడిపే మనిషి వింతగా చూస్తున్నాడు. కళ్ళు మూసుకుని అన్నాను.

"ఇంకా ఎత్తమాకండి."

కాసేపటికి ఖాజావలి గారి జవాబు వచ్చింది. "ఇంక ఎత్తండి అంటున్నారు మేడం."

మళ్ళీ అన్నాను. ఈసారి సరిగ్గా వినబడిందన్నారు. మళ్ళీ అన్నాను. "ఎత్తండి" అని వినబడిందన్నారు. ఇంజను మోత పెరిగినప్పుడల్లా, పడవ గోడ చాటుకి పోయినప్పుడల్లా మధ్యలో రెండక్షరాలు రాలిపోతున్నాయి. సెట్టు ఆ ఖాళీని ఖాళీగా ఉంచడం లేదు. ఎక్కువమంది ఎలా మాట్లాడతారో అలా అతికిస్తోంది. మా లంకవాళ్ళు దాని లెక్కలో తక్కువ మంది.

తిరిగొచ్చేసరికి ఖాజావలి గారు గది మెట్ల మీద కూర్చుని ఉన్నారు. సెట్టులో దాచినది వినిపించారు. నా గొంతు తలుపు ఎత్తమంటోంది. నేననని మాట నా గొంతులో వింటుంటే, పూర్తిగా తెలిసి ఉన్న నాకే అన్నానేమో అనిపించింది.

"నాంచారయ్యకి ఎవరు చెబుతారమ్మా?" అన్నారు.

"నేనే. ముందు విచారణలో చెప్పాలి. రికార్డు మారకుండా ఆయనకి చెబితే ఓదార్పు అనుకుంటారు."

అక్కడి నుంచి తిన్నగా కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆమె అంతా విని కిటికీ వైపు తిరిగారు. "లోపల లోపల సరిచేసుకుందాం సంపూర్ణా. సెట్లు వెనక్కి పంపుదాం. నువ్విలా బయటికి చెబితే నీ ఉద్యోగం ఉండదు. ఎవరికి లాభం?"

"నాంచారయ్య గారు తన బిడ్డలాంటి పిల్లని చంపానని అనుకుంటున్నారు మేడం."

ఆమె చివరికి "రేపు అందర్నీ పిలుస్తాను" అన్నారు.

ఆశ్వయుజ శుద్ధ దశమి

విచారణ మళ్ళీ తెరిచారు. పృథ్వీని నేను అందరి ముందూ అడిగాను. అతను మాట తప్పలేదు. సెట్టు ఏం దాస్తుందో, ఏం దాచదో వివరంగా చెప్పాడు. తర్వాత నేను నిలబడి ఎంపిక రోజున విన్నది చెప్పాను. నర్సమ్మ మందుల పెట్టె సంగతి చెప్పాను. విచారణలో నేనాడింది అబద్ధమని చెప్పాను. మెట్ట సభ్యుడు ఆ రోజు నవ్వినాయనే. "ఆ మాట మీకు మాత్రం ఎలా తెలిసిందమ్మా?" అని అడిగాడు.

"మాది ఈతలంక" అన్నాను.

ఏదో తేలికపడతానని అనుకున్నాను. పడలేదు. పడటానికి నేనేం మోశాను గనక? మోసింది నాంచారయ్య గారు.

తేట సెట్లు వెనక్కి పంపేస్తున్నారు. సన్నదారి సెట్లు తెప్పిస్తున్నారు. గొంతు బొంగురుగా ఉన్నా, తెగిన చోట తెగినట్టే వినబడుతుంది. తిరిగి పలికే నియమం మళ్ళీ వచ్చింది. ఈసారి ఎంపికలో సరంగులు, తలుపుల వాళ్ళు, నర్సులు తమ తమ చోట్ల నుంచి, తమ మాటల్లోనే పరీక్షిస్తారు. నన్ను అధికారి పదవి నుంచి తీసేశారు. సెట్లు తుడిచే పనికి మనిషి కావాలంటే ఉంటానన్నాను. ఉండమన్నారు.

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

నాంచారయ్య గారికి కబురు ముందే అందింది. అయినా నా నోటితో చెప్పాలని వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నారు. నేను చెబుతున్నంతసేపూ చేతులు ఆగలేదు.

"అయితే నేను ఎత్తమాకండి అనే అన్నానా?"

"అన్నారు బాబాయ్."

"మీరు పుత్తకంలో లాగా మాట్టాడమన్నారు. ఆ రోజు పొద్దుట్నించీ ఎత్తొద్దు ఎత్తొద్దు అని నోట్లో అనుకుంటానే ఉన్నా. ఆ టైముకి రాలా. నేను మీరు చెప్పినట్టు ఇని ఉంటే పిల్ల బతికేదని అది కూడా ఏడిశా."

తాడు పక్కన పెట్టారు. మొదటిసారి నా ముఖంలోకి చూశారు. "నా గొంతు నాదేనని నాకే నమ్మకం లేకుండా చేశావమ్మా. ఇంట్లో ఆడోళ్ళతో కూడా మాట్టాడటం మానేశా. నోరు తెరిత్తే ఏం వత్తదోనని. నీ మీద కోపం ఇప్పుడిప్పుడే తగ్గదు. పద, దీవెనమ్మ దగ్గరికి. ఆమెకి నువ్వే చెప్పాలి."

దీవెనమ్మ వాకిట్లో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. నాంచారయ్య గారిని చూసి పీట చూపించింది. నన్ను చూసి ఊరుకుంది. నేను నేల మీద కూర్చుని చెప్పాను. మెట్ట భాష రాలేదు. వద్దనుకోలేదు గానీ రాలేదు.

అంతా విని ఆమె అంది. "ఈయన్ని ఆ రోజే క్షమించానమ్మా. దేవుడి పేరు మీద క్షమించా. రాత్రంతా మనసుతో పోట్లాడి క్షమించా. చెయ్యని తప్పుకా?"

"అవునమ్మా."

"నువ్వు మాత్రం అడగమాక. అడిగితే దేవుడికి భయపడి కాదనలేను. అందుకని అడగమాక."

తల ఊపాను. ఆమె చేటలో వేళ్ళు కదుపుతూ అడిగింది.

"ఆ పెట్టెలో నా పిల్ల మాటలు ఉన్నాయంటగా?"

"ఉన్నాయి. కానీ అవి ఆమె అన్నవో, సెట్టు అల్లినవో నేను చెప్పలేను."

"నువ్వు చెప్పనక్కర్లా. వినిపించు."

సంచిలో పడవ సెట్టు ఉంది. సాక్ష్యం కోసం తెచ్చుకున్నది. కెజియా మాటలు ఒక్కొక్కటే పెట్టాను. ముడి బిగించాను, లాగండి. ఆమె తల అడ్డంగా ఊపింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. కాదంది. ఇప్పుడే పైకి వస్తున్నాను. "గొంతు దానిదే. మాట దానిది కాదు. నా పిల్ల వత్తన్నా అంటది." ఇంకోటి పెట్టాను. ఇంకోటి. నాంచారయ్య గారు తల వంచుకుని నేల చూస్తున్నారు. నాకు ఆపేయాలని ఉంది. ఆపే అర్హత లేదు.

తర్వాత వచ్చింది ఎప్పటిదో, ఏ మామూలు రోజుదో. "తాడు వదలమాకండి, నేనింకా తేలలా."

దీవెనమ్మ వేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి.

"ఇది" అంది. "ఇది నా పిల్లే. మళ్ళీ పెట్టు."

పెట్టాను. చేట పక్కకి జరిపి, సెట్టుని నా చేతిలోంచి తీసుకుని చెవికి ఆనించుకుంది. ఏ బటన్ నొక్కాలో చూపించాను. ఆ తర్వాత ఆమె నన్ను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. నాంచారయ్య గారు పీట మీద, నేను నేల మీద, ఎండ వాకిట్లోంచి గోడ ఎక్కేదాకా అలాగే కూర్చున్నాం. ఆమె ఆ ఒక్క మాటే వింటూ ఉంది. నేను ఆమె ముఖం చూడలేదు.